మెడకూ కడుపుకూ మధ్య

మా ముత్తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి, గిర్మిట్ మీద ఫిజీకి వెళ్ళాడు. నేను కాలిఫోర్నియాలో పంతులమ్మను. తెలుగు నాకు గుడి తరగతుల్లో వచ్చింది. మొదటి నెలలోనే శరీర భాగాల పేర్లు నేర్పారు: తల, చెవి, మెడ, చెయ్యి, కడుపు, కాలు. మెడకూ కడుపుకూ మధ్య ఏముందో వాళ్ళు చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ మాటతో 2009లో పని పడింది. అప్పుడు నాకు 40 ఏళ్ళు. అంతవరకూ 40 నుంచే మామోగ్రామ్ మొదలుపెట్టమనేవారు. ఆ నవంబరులో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల బృందం సలహా మార్చింది. 50 నుంచి 74 ఏళ్ళ వరకు రెండేళ్ళకొకసారి చాలు. 50 లోపువాళ్ళు డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారే నిర్ణయించుకోవాలి అంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఒప్పుకోలేదు. 2015లో అదీ తన సలహా మార్చి, 45 నుంచి ఏటా అంది.

మా ఇంట్లో తలా ఒక మాట. "డబ్బు మిగుల్చుకోవడానికే ఇదంతా" అంది అమ్మ. "హమ్మయ్య, ఆ నొక్కుడు తప్పింది" అంది పిన్ని. అక్క మాత్రం ఏమీ అనలేదు. అంతకుముందు ఏడాది ఆమెను రెండోసారి పిలిచి సూది పరీక్ష చేశారు. ఫలితం వచ్చేదాకా ఆమెకు నిద్ర లేదు. చివరికి ఏమీ లేదన్నారు. నిపుణులు లెక్కలోకి తీసుకున్న నష్టాల్లో ఇలాంటి భయం కూడా ఒకటి.

2013లో మా పిన్ని కూతురికి స్నానం చేస్తుంటే గడ్డ తగిలింది. దానికి 42 ఏళ్ళు. "50 దాకా అక్కర్లేదన్నారుగా" అనుకుని ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ సలహా ఏ లక్షణమూ లేనివాళ్ళకు. గడ్డ తగిలితే ఏ వయసులోనైనా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ తేడా దానికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆపరేషన్ అయింది, కీమో అయింది. చెల్లి బాగుంది. "40కే తీయించుకుని ఉంటే ముందే తెలిసేదా అక్కా?" అని ఒకసారి అడిగింది. చెప్పలేమన్నారు డాక్టరుగారు. నా దగ్గరా జవాబు లేదు.

2024 ఏప్రిల్‌లో టాస్క్ ఫోర్స్ మళ్ళీ మార్చింది: 40 నుంచి 74 వరకు, రెండేళ్ళకొకసారి. 40 దాటిన ఆడవాళ్ళలో ఈ జబ్బు పెరుగుతోందని గమనించారు. "మళ్ళీ మొదటికొచ్చారే!" అని అమ్మ నవ్వింది. నాకూ మొదట చిరాకేసింది. కానీ నా బడిలో సైన్సు పుస్తకం ఎన్నిసార్లు మారలేదు? కొత్త సంగతి తెలిస్తే పాఠం మారుతుంది. పాత పాఠం చెప్పినవాళ్ళు అబద్ధాలకోర్లు కారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే లెక్క వేరు, అది డాక్టరుకు చెప్పాలి. చెప్పాలంటే ముందు నోరు తెరవాలి.

ఇప్పుడు గుడిలో పెద్దవాళ్ళ తరగతి నేనే చెబుతున్నాను. బోర్డు మీద 'మెడ' తరువాత 'రొమ్ము' అని రాస్తాను. మొదటిరోజు ఇద్దరు తల దించుకున్నారు. వెనక వరుసలోంచి మా చెల్లి మాత్రం గట్టిగా చదివింది. తక్కినవాళ్ళు దాని వెంట చదివారు.