ధోలక్‌పూర్ ఎక్కడ, కొండాపూర్ ఎక్కడ

2025 జూన్ 8, ఆదివారం

గురువారం బడులు తెరుస్తారు. ఈలోపు ఎన్ని చూడగలిగితే అన్ని చూసేయాలని మా అమ్మాయి హారిక పంతం. పొద్దున టిఫిన్ దగ్గర మొదలైన ఛోటా భీమ్ మధ్యాహ్నం పెరుగన్నం దాకా ఆగలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఈ సీరియల్ మీద నాకు అభిప్రాయాలు చాలానే ఉన్నాయి. ఆఫీసులో ఎవరూ అడగరు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

నా లెక్కలో ఛోటా భీమ్‌కి అసలు ప్రాణం భీమ్‌తో ఎప్పుడూ పోటీపడే కాలియా. భీమ్‌కి ఏమీ కాదని మొదట్లోనే తెలిసిపోతుంది. కాలియాకే ప్రతి కథలోనూ ఏదో ఒకటి పోతుంది: పరువో, పందెమో, పళ్ళెంలో లడ్డూనో. వాడి వెంట తిరిగే ఢోలూ భోలూ చెరోపక్క చేరి ఎగదోస్తారు. వాడు ఛాతీ విరుచుకుని బయల్దేరి బొక్కబోర్లా పడతాడు. మళ్ళీ కథకి అదే ధీమాతో తయారు. వాడికి నిజంగా గెలవాలని ఉన్నట్టు చూపించిన ఎపిసోడ్లే బాగుంటాయి. ఉత్త తిండిపోతుగా చూపించినవి తేలిపోతాయి.

నాకు పడనిది లడ్డూ. కథలో ముడి ఎంత గట్టిగా వేసినా చివర్లో టున్‌టున్ మౌసి లడ్డూ ఒకటి భీమ్ నోట్లో పడిందంటే చాలు, విడిపోతుంది. భీమ్ నేస్తాలు రాజూనో జగ్గూనో ఉపాయం చెబితే గట్టెక్కిన కథలు నాకు ఎక్కువ ఇష్టం. హారిక ససేమిరా ఒప్పుకోదు. "లడ్డూ తినకపోతే ఇంక భీమ్ ఎందుకమ్మా?"

ఇంకో పేచీ కూడా ఉంది. ఆ ధోలక్‌పూర్ ఏ దిక్కున ఉందో ఎవరికీ తెలీదు. కోట, కొండ, అడవి, ఇంద్రవర్మ అనే రాజు. మాటలు తెలుగులో వినిపిస్తాయి గానీ ఊరు మాత్రం ఎవరిదీ కాదు. గీసిందేమో మన ఊళ్ళోనే. రాజీవ్ చిలక అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని వచ్చి 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ పెట్టారు. 2008లో పోగో ఛానల్లో భీమ్ మొదలైంది. "ఈ ఉద్యోగం మానేసి ఏదైనా చెయ్యాలి బాస్" అని మైండ్‌స్పేస్ టీ బండ్ల దగ్గర రోజూ వినిపించే మాటని నిజంగా చేసి చూపించిన మనిషి. ఇదే ఊరి డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ 2010లో త్రీడీ జంగిల్ బుక్ తీసింది. భీమ్‌నీ మౌగ్లీనీ గీసిన ఊరు తన పిల్లల్ని ఎందుకు గీసుకోలేదో!

జూన్ 14, శనివారం

ఇవాళ భీమ్ స్నేహితురాలు చుట్కీ ఎక్కువగా ఉన్న కథలు ఏరి పెట్టించాను. ఏరడానికి పెద్దగా లేవు.

2020 జూన్‌లో, కరోనా రోజుల్లో, భీమ్ రాజుగారి కూతురు ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడని పుకారు పుట్టి చుట్కీకి న్యాయం చెయ్యాలంటూ ట్విట్టర్ హోరెత్తిపోయింది. మా ఆఫీసు గ్రూపులో కూడా టెస్టింగ్ టీమంతా చుట్కీ పక్షం, డెవలపర్లు ఇందుమతి పక్షం. చివరికి గ్రీన్ గోల్డ్ వాళ్ళే ప్రకటన ఇచ్చారు: వాళ్ళింకా చిన్నపిల్లలు, పెళ్ళీ గిళ్ళీ ఏమీ జరగలేదు, ప్రేమల్నీ పెళ్ళిళ్ళనీ వాళ్ళ జోలికి తేవద్దు అని. మంచి జవాబే.

కానీ చుట్కీకి అన్యాయం జరగలేదని మాత్రం నేననను. భీమ్ వీరత్వం తెరమీదికి వచ్చాక ఆ పిల్లకి మిగిలేది "భీమ్, జాగ్రత్త" అని అరవడం. టున్‌టున్ మౌసి కూతురు, లడ్డూలమ్మే ఇంటి పిల్ల. బేరసారాలు, చిల్లర లెక్కలు, అప్పు పెట్టి మొహం చాటేసేవాళ్ళు, ఇవన్నీ రోజూ చూస్తూ పెరిగే పిల్ల. దుకాణం ఒక్కపూట తనొక్కతే నడిపిందనుకుందాం. కాలియా వచ్చి అరువు అడుగుతాడు. ఇస్తే అమ్మకేం చెప్పాలి, ఇవ్వకపోతే వాడితో ఎలా వేగాలి? కథ మొత్తం ఆ గడప దాటక్కర్లేదు. నాకు కావలసిన న్యాయం అదీ.

జూన్ 28, శనివారం

మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ కింద స్టిల్ట్ పార్కింగ్‌లో, జనరేటర్ పక్క గదిలో ఉంటారు మా వాచ్‌మన్ వాళ్ళు. నారాయణపేట దిక్కు నుంచి వచ్చారు. వాళ్ళ స్వాతి, మా హారిక ఒక ఈడువాళ్ళు. ఎదురింటి ఒడియా వాళ్ళ బాబుకి తెలుగు రాదు. హారికకి ఇంగ్లీషే కావాలి. ఇంగ్లీషు పెడితే స్వాతి బొమ్మ వదిలేసి మా సోఫా కవర్లు చూస్తూ కూర్చుంటుంది. ముగ్గురూ ఒకేచోట చేరితే రిమోట్ దగ్గర పంచాయితీ.

మైటీ లిటిల్ భీమ్ పెట్టాను. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, గ్రీన్ గోల్డ్ వాళ్ళదే. భీమ్ ఇందులో ఇంకా పసివాడు. మాటల్లేవు, ముద్దు ముద్దు శబ్దాలే. ఒక్కో కథ ఆరేడు నిమిషాలు. పోలిక చూస్తే ఇందులో రచన ఎంత మెరుగో తెలుస్తుంది. పెద్ద భీమ్ కథలో లడ్డూతో చిక్కు తీరుతుంది. పసి భీమ్ కథలో లడ్డూతోనే చిక్కు మొదలవుతుంది. వాడికి మిఠాయి కావాలి. వాడి బలం ఎంతో వాడికే తెలీదు. తలుపు తోస్తే తలుపు ఊడొస్తుంది. బలం ఇక్కడ వరం కన్నా ఎక్కువగా తంటా, అందుకే నవ్వొస్తుంది.

ముగ్గురూ ఒకేచోట నవ్వారు. పిల్లాడు పడ్డప్పుడు రాలేదు ఆ నవ్వు. పడి లేచి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసినప్పుడు వచ్చింది.

"ఆంటీ, గీ బుడ్డోనికి మాటలు రావా?" అంది స్వాతి.

రావన్నాను.

"రాకుంటెనే మంచిగుంది" అని మళ్ళీ తెర వైపు తిరిగింది.

జులై 20, ఆదివారం

లాల్‌దర్వాజ బోనాలు. కార్తీక్‌కి కాలేజీ సెలవు ఇచ్చింది. అక్క కొడుకు, ఇంటర్ మొదటి సంవత్సరం, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి ఈటీవీ విన్‌లో నైంటీస్ సీరీస్ మళ్ళీ పెట్టాను. 2024 సంక్రాంతి ముందు వచ్చిన ఆరు ఎపిసోడ్లూ నాకు దాదాపు కంఠతా వచ్చు. ఆదిత్య హాసన్ తీశాడు. లెక్కల మాస్టారుగా శివాజీ, తల్లిగా వాసుకి. ఉప్మా గిన్నె దగ్గర పిల్లల మొహాలు చూస్తే మా ఇంటి వంటగదే గుర్తొస్తుంది. డబ్బు మాట వచ్చినప్పుడల్లా ఆ తండ్రి గొంతు ఒక మెట్టు దిగుతుంది. అలా దిగడం మా నాన్న దగ్గర విన్నాను. శివాజీ మళ్ళీ వినిపించాడు.

కార్తీక్ మర్యాదగా చివరిదాకా చూసి అన్నాడు: "బాగుంది పిన్నీ. కానీ ఇది నీ చిన్నతనం. అందులో రఘుకి నా వయసే, కష్టాలు మాత్రం మీవి. వాళ్ళ దగ్గర ఫోన్లు లేవు. మా దగ్గర ఉన్నాయి, మా గొడవంతా దాంతోనే."

మరి ఈ నెల్లోనే వచ్చిన ఏఐఆర్, ఆల్ ఇండియా ర్యాంకర్స్ సంగతేంటి అన్నాను. ఐఐటీ కోచింగ్ పిల్లల కథే కదా.

"రోజంతా అదే క్లాసులో కూర్చుని ఇంటికొచ్చి మళ్ళీ అదే చూడాలా?"

కోటా ఫ్యాక్టరీ అయితే వాడికి ఇష్టమే. 2019లో వచ్చిన మొదటి సీజన్‌ని నలుపు తెలుపుల్లో తీయడం కరెక్టంటాడు, కోచింగ్ ఏడాదికి రంగులుండవట. "కానీ జీతూ భయ్యా లాంటి సార్ ఎక్కడా ఉండడు పిన్నీ. అది ఫాంటసీ సీరీస్."

వాడి మాటలో సగం ఒప్పుకుంటాను. మన తెలుగు టీనేజీ కథల్లో ఎక్కువ భాగం తీసేవాళ్ళ జ్ఞాపకాలు. చూసి కళ్ళు తుడుచుకునేది అమ్మానాన్నలు. ఒప్పుకోని సగం ఏమిటంటే, నైంటీస్‌లో అక్క దివ్య ఉంది. ఇద్దరు మగపిల్లల హడావుడి మధ్య ఆ పిల్ల ఊరికే కూర్చుని ఉన్న షాట్లు నాకు ఈ కాలానివిగానే అనిపిస్తాయి. కార్తీక్ వాటిని గమనించలేదు. వాడికి అక్కలు లేరు మరి.

ఆగస్టు 7, గురువారం

ఆఫీసు నుంచి బయల్దేరేసరికి కుండపోత. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర క్యాబ్ ఆగింది, ఇంక కదల్లేదు. డ్రైవర్ ఇంజన్ ఆపేసి సీటు వెనక్కి వాల్చుకున్నాడు. ఫోన్‌లో హారిక కోసం దాచిన ఆస్ట్రేలియా కార్టూన్ బ్లూయి ఎపిసోడ్లున్నాయి. క్రికెట్ అనేది పెట్టుకున్నాను.

ఏడు నిమిషాల కథ. బ్రిస్బేన్‌లో ఏదో పార్కు, నాన్నలూ పిల్లలూ కలిసి ఆట. రస్టీ అనే చిన్నవాడు బ్యాటింగ్‌కి దిగాడు, ఎంతమంది పెద్దవాళ్ళు వేసినా ఔట్ కావడం లేదు. ఒక్కో బంతి వెనకా వాడు ఎలా నేర్చుకున్నాడో చూపిస్తారు. అన్న స్నేహితుడి వేగానికి బంతి కాలికి తగిలి వాడు భయపడిపోతాడు. సైన్యంలో దూరాన ఉన్న నాన్నకి ఆ సంగతి రాస్తాడు. ఆయన జవాబు సారాంశం ఇంతే: బంతి మీంచి చూపు తిప్పకు, చెల్లెల్ని చూసుకో. కథ చివర రస్టీ కావాలని మెత్తగా గాల్లోకి కొట్టి చెల్లెలికి క్యాచ్ ఇచ్చేస్తాడు.

అక్కడ నాకు గొంతు పట్టేసింది. బలవంతుడు గెలిచే కథలు వేలున్నాయి. ఇంకొకరి సంతోషం కోసం తన ఆట ముగించుకునే కథని, ఏ పెద్దమనిషీ నీతి చెప్పకుండా, ఏడు నిమిషాల్లో తీయడం మామూలు పని కాదు. మా చిన్నప్పుడు శక్తిమాన్ ప్రతివారం చివర్లో వచ్చి మంచీ చెడూ విడమరిచి చెప్పేవాడు. పిల్లలు అర్థం చేసుకోలేరని భయమేమో. రస్టీ ఏమీ చెప్పడు, క్యాచ్ ఇస్తాడంతే.

ఇంకో సంగతి. బ్లూయిలో ఇల్లు బ్రిస్బేన్ ఇల్లే, చెట్లు బ్రిస్బేన్ చెట్లే, ఆ యాస ఆస్ట్రేలియాదే. ఎవరి కోసమూ మార్చలేదు. అయినా గచ్చిబౌలి వానలో ఇరుక్కున్న నాకు ఎక్కడా పరాయిగా తోచలేదు. మా సెల్లార్‌లో మాత్రం పెద్ద బోర్డు ఉంది: క్రికెట్ ఆడరాదు, కార్లు పాడవుతాయి.

ఆగస్టు 16, శనివారం

కృష్ణాష్టమి. అత్తయ్య ముంగిట్లో చిన్ని పాదాల ముగ్గు వేసి లోపలికొచ్చేసరికి టీవీలో షించాన్ ప్యాంటు విప్పి డాన్సు. "ఇదేనా ఇవాళ చూడాల్సింది?" అన్నారు. "నానమ్మా, కృష్ణుడు కూడా ఇలాంటివాడే కదా, గోల చేస్తాడు, దొంగతనంగా తింటాడు" అంది హారిక. అత్తయ్య నా వైపు చూశారు. నేను పూజ సామాన్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

ఆవిడ కోపం కొత్తది కాదు. పిల్లలు చెడిపోతున్నారని తల్లిదండ్రులు గోల పెడితే 2008లో కేంద్రం షించాన్‌ని ఆపించింది. తర్వాత కత్తిరింపులతో తిరిగొచ్చాడు. ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ వాడి సాగదీత గొంతు వచ్చు.

నేను చూసేది పిల్లాణ్ణి కాదు, వాళ్ళ నాన్నని. జపాన్‌లోని కసుకాబేలో ఇల్లు, టోక్యోలో ఉద్యోగం, కిక్కిరిసిన రైలు, కంపు కొట్టే సాక్సులు, దశాబ్దాల పాటు తీరని ఇంటి అప్పు. తల్లేమో డిస్కౌంట్ సేల్ అంటే పరుగెడుతుంది, మిగతా టైమంతా ఖర్చు తగ్గించాలని లెక్కలు. నల్లగండ్లలోనో తెల్లాపూర్‌లోనో ఫ్లాట్ కొని, ఈఎంఐ కడుతూ, గంట ట్రాఫిక్‌లో ఆఫీసుకొచ్చే మా టీమ్‌లో సగం మంది కథ ఇది. ఆ ఇంటి బడాయీ అలసటా కలిపి చూపించే కథలున్నాయి: నాన్న తాగి ఆలస్యంగా వచ్చిన రాత్రులు, అమ్మ బరువు చూసుకునే కథలు. పిల్లలు పిల్లాడి అల్లరికి నవ్వుతారు. నేను వాళ్ళ ఆదివారాలకి నవ్వుతాను. కసుకాబే వాళ్ళు ఈ కుటుంబాన్ని తమ ఊరి గౌరవ నివాసులుగా చేసుకున్నారు. అలా రాసుకోవాలంటే కథకి ఒక అడ్రస్ ఉండాలి కదా.

సెప్టెంబర్ 7, ఆదివారం

నిన్న వినాయక నిమజ్జనం. బాలాపూర్ లడ్డూ వేలంలో 35 లక్షలు పలికింది. 1994లో ఇదే లడ్డూ 450 రూపాయలకి పోయిందట. బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లాల కాలనీ లడ్డూ అయితే 2.3 కోట్లు దాటింది. మా అపార్ట్‌మెంట్ లడ్డూ వేలం మొన్న జరిగింది. ఎంతకి పోయిందో రాయను, మా సెక్రటరీ గారికి చిన్నతనం.

పిల్లలు మా హాల్లో చేరారు. ఇన్నాళ్ళూ ఇంకొకరి ఎపిసోడ్ల మీద తీర్పులిచ్చాం, ఈ ఊళ్ళో జరిగే ఒక ఎపిసోడ్ మీరే చెప్పండి అన్నాను. హారిక ఎత్తుకుంది: రేపు వేలం అనగా రాత్రి లడ్డూ మాయమైపోతుంది. కార్తీక్ సాంకేతిక సలహాదారు: సెల్లార్ సీసీ కెమెరా ఎప్పటిలాగే పనిచెయ్యదు. దొంగ ఎవరన్నది మొదటే తేల్చేశారు, ఎలుక. గణపతి వాహనం కాబట్టి దాని తప్పూ లేదట.

"మరి ముందు ఎవర్ని అనుమానిస్తారు?" అన్నాను, కథ నడపడానికి.

"ఇంకెవర్ని ఆంటీ, మా నాయన్నే" అంది స్వాతి. బిస్కెట్ తింటూ, మామూలుగా.

ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు. కథకి కావలసిన ముడి అక్కడుంది. ధోలక్‌పూర్‌లో ఇది పుట్టదు, అక్కడ సెక్రటరీ గారూ లేరు, జనరేటర్ పక్కన గదీ లేదు. స్వాతీ హారికా కలిసి ఎలుక కన్నం వెతకాలి, తెల్లారి తొమ్మిదింటి వేలం లోపల. ఇక్కడిదాకా గొడవ లేదు. ముగింపు దగ్గర తగువొచ్చింది. నిజం తెలిశాక సెక్రటరీ వాచ్‌మన్‌కి సారీ చెప్పాలా వద్దా?

"చెప్పడు పిన్నీ. పెద్దవాళ్ళు చెప్పరు. నిజంగా ఎలా ఉంటుందో అలాగే తీయాలి" అన్నాడు కార్తీక్.

హారిక తటపటాయించింది. లడ్డూ ముక్క పంపిస్తే సరిపోతుందేమో అంది.

స్వాతి ఒప్పుకోలేదు. "సారీ చెప్పాలె. అందరి ముంగట చెప్పాలె. చెప్పకుంటె నేను చూడ."

నిజం తీయాలనే కార్తీక్ వాదన బలమైనదే. కానీ ఈ ఎపిసోడ్ ఎవరి కోసమో వాడు మర్చిపోయాడు. నా ఓటు స్వాతికే వేశాను, రెండుకి ఒకటి. హారిక వచ్చే ఆదివారం దాకా గడువు అడిగింది.