అతిథియు వైద్యశాలయు

కొంతకాలము క్రిందట మేము విహారార్థమై కుటుంబముతో నొక కొండసీమకు పోయితిమి. రాత్రివేళ మా మేనత్తగారికి ఆయాసము ముదిరి మాట పడిపోయెను. అచ్చటి చిన్న ఆసుపత్రిలో నర్సమ్మ యొక్కతెయే యుండెను. బస యజమాని ముందే 108కు ఫోను చేసియుండుటచే బండి వచ్చి వారిని పట్టణమునకు చేర్చెను, వారు బ్రదికిరి. మేము బండి యెక్కునప్పుడు, డోలీలో మోసికొనివచ్చిన గర్భిణి యొకతె అరుగుపై పండుకొని రెండవ బండికై యెదురు చూచుచుండెను. ఆమె గతి యేమైనదో మేము విచారింపలేదు. అది మా తప్పు.

2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో మొదలైన యీ 108 సేవ ప్రభుత్వము, ప్రైవేటు సంస్థ చేయి కలిపి నడపిన యేర్పాటు. కావున అట్టి పొత్తే దోషమని మేమనజాలము. ఒడంబడికలో నెవరిని ఎట్లు లెక్కించిరన్నదే ప్రశ్న.

యాత్రికులు వచ్చిపోవు చోట్ల ఈ లెక్క మరింత చిక్కైనది. స్పెయినులోని వలెన్సియా ప్రాంత ప్రభుత్వము 1999లో అల్సీరా పట్టణపు ఆసుపత్రి నిర్వహణమును ప్రైవేటువారి కప్పగించి, నమోదైన నివాసులకు తలకింతయని యేటేట చెల్లించెను. సముద్రతీర విహారస్థలమైన తొర్రెవియేహాలో 2006లో నిట్టి యాసుపత్రియే తెరచిరి. వేసవిలో ఆ యూరి జనము అనేక రెట్లగును. స్థానికుని సొమ్ము నిర్వాహకునికి ముందే నిర్ణయమైనది. వాని చికిత్స యంతయు ఖర్చే. పట్టికలో లేని పరదేశి చికిత్సకు వేరుగా లెక్క కట్టవచ్చును. అట్టిచోట నెవరి మంచము ముందు సిద్ధమగునని సంశయము కలుగుట సహజము గదా! అల్సీరాను 2018లోను, తొర్రెవియేహాను 2021లోను ప్రభుత్వము మరల తన చేతికి తీసికొన్నది.

మన విహారస్థలములలో నిట్టి పొత్తులు కుదుర్చువారికి మా మనవి యిది: యాత్రల రద్దీకి తగిన మంచములను, బండ్లను ఒడంబడికలోనే వ్రాయించుడు. రోగతీవ్రతనుబట్టియే వరుస నిర్ణయింపుడు. లెక్కలను ప్రజల ముందుంచుడు. అదనపు వ్యయమును బసల సుంకమునుండి, అనగా మావంటి యాత్రికులనుండి, రాబట్టుడు.

అతిథిని ఆదరించుట మన ధర్మమే. ఆతిథ్యమిచ్చినవారి వంతును లాగికొనకుండుట అతిథి ధర్మము. ఆ రాత్రి మేము దానిని మరచితిమి.