గుండెలో లేచే గాలివాన

గంజాం సీమలో గాలివాన నెరుగని ఇల్లు లేదు. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటిన తుపాను బరంపురాన్ని అతలాకుతలం చేసింది. మళ్లీ 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి, ఆ గోపాలపురం దగ్గరే ఫైలిన్ తుపాను తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు మించింది. అయినా ఒడిశాలో దాదాపు పది లక్షలమందిని ముందుగానే తరలించారు గనుక ఎన్నో ప్రాణాలు దక్కాయి.

ఆ రాత్రి గడిపినవారిలో కొందరికి, దసరా రోజుల్లో కిటికీ రెక్క టపటప కొట్టుకుంటే ఈనాటికీ గుండె ఝల్లుమంటుంది. అందులో వింత లేదు. గాలి ఉన్నది గనుక భయమున్నది. మరి ఆకైనా కదలని రోజున, పట్టపగలు, నలుగురి మధ్య అదే దడ పుట్టుకొస్తే? మేము చెప్పదలచినది ఆ గాలివానను గురించే.

బరంపురం పెద్ద బజారు చూడని తెలుగు కుటుంబం ఈ చుట్టుపక్కల ఉండదు. పెళ్లి కుదిరితే పట్టుచీరల కోసం అక్కడికే నడుస్తాము. రెండేళ్లకొకసారి బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఊరి వీధులలో ఇసుక వేస్తే రాలదు. అటువంటి చోట, చక్కగా బేరమాడుతున్న ఇల్లాలికి ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పడతాయి. గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతున్నదేమో అనిపిస్తుంది. సంచీ అక్కడే వదలి ఇల్లు చేరుతుంది. ఇంట అడుగుపెట్టగానే నెమ్మదిస్తుంది. మరునాటి నుంచి బజారు మానేస్తుంది. తరువాత రైలు, ఆ తరువాత పేరంటం, చివరకు వీధి గుమ్మం కూడా మానేస్తుంది. "అత్తయ్యగారు బయటికి రారండీ" అని మన ఇళ్లలో తేలికగా చెప్పుకొనే మాట వెనుక ఇంత కథ ఉండవచ్చు.

ఇది మన ఊరికే వచ్చిన జబ్బు కాదు. 1871లో వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ వైద్యుడు, బహిరంగ స్థలాలు దాటలేక వణికిపోయే ముగ్గురు పురుషులను గురించి వ్రాసి, ఈ భయానికి అగోరాఫోబియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో అగోరా అంటే బజారే! ఆడవారి పిరికితనమని కొట్టివేసేవారు, ఆ ముగ్గురూ మగవారేనని గుర్తుంచుకుంటే మేలు.

లోపల జరిగేదేమిటి? ఆపద ఎదురైతే పరుగెత్తడానికో పోరాడడానికో శరీరం అడ్రినలిన్ అనే రసాన్ని విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి మరీ వడివడిగా తీయడంవల్లనే వేళ్ల తిమ్మిరి, కళ్లు తిరగడం. ఆపద లేకుండానే ఆ గంట మోగితే, అదే ఈ గాభరా. ఋషికుల్య ఒడ్డున తారాతారిణి కొండకు 999 మెట్లెక్కేటప్పుడూ గుండె ఇలాగే కొట్టుకుంటుంది. అక్కడెవరూ హడలిపోరు, మెట్లవల్లనని తెలుసు. బజారులో కారణం కనబడదు గనుక దడను చూచి మరింత దడ పుడుతుంది.

సాధారణంగా ఈ దడ పది నిమిషాలలో బాగా పెరిగి, తరువాత దానంతటదే దిగుతుంది. కనుక పారిపోక, అక్కడే ఒక పక్కగా నిలబడవలె, లేదా కూర్చోవలె. గాలి మెల్లగా లోపలికి తీసి, అంతకంటే మెల్లగా విడవవలె. "ఇది దడ, దిగిపోతుంది" అని మనసుకు చెప్పుకోవలె. మరునాడు వీధి చివరి కొట్టుదాకా, ఆ పైన మలుపుదాకా, మొదట తోడుతో, తరువాత ఒంటరిగా వెళ్లవలె. తుపాను వస్తుంటే ముందుగా తరలిపోవడమే రక్ష. ఈ గాలివానలో నిలబడడమే రక్ష. ఈ తేడా తెలియకనే చాలామంది నాలుగు గోడల మధ్య ఉండిపోతున్నారు.

ఇంటివారికి ఒక మనవి. "ఏమీ లేదు, ఊరుకో" అని కసరకండి. "పిచ్చి" అనే మాట అసలే అనకండి. పక్కన కూర్చుని, తొందరపెట్టక, ఊపిరి లెక్కపెట్టడంలో సాయపడండి. అయితే మొదటిసారి వచ్చినప్పుడు, ముఖ్యంగా గుండెనొప్పి ఉంటే, ఉత్త దడేనని మనంతట మనమే తీర్మానించుకోరాదు. వెంటనే వైద్యునికి చూపించవలె. గుండె బాగున్నదని తేలినా దడ మళ్లీ మళ్లీ వస్తుంటే, మానసిక వైద్యుని వద్దకు వెళ్లడంలో నామోషీ లేదు. మాటలతో చేసే చికిత్సా ఉన్నది, మందులూ ఉన్నాయి. బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆస్పత్రిలో ఆ విభాగమున్నది. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ సేవ టెలిమానస్‌తో, 14416 నంబరుకు ఫోను చేసి రాత్రింబవళ్లు ఉచితంగా మాట్లాడవచ్చు.

మన వీధిలో బయటికి రాని అత్తయ్యగారెవరైనా ఉంటే, వచ్చే ఠాకురాణి యాత్రకు తోడు వస్తామని ముందుగానే చెబుదాము. మొదటిరోజు సందు చివరిదాకా వచ్చినా చాలు.