డబ్బా వెతకబోయి నేనే దొరికిన

పోస్టు కొంచెం పొడుగుంది. హాస్టల్‌లో మూడు రాత్రులు కూర్చొని ఫోన్‌లో టైప్ చేసిన, తప్పులుంటే ఏమనుకోకండి.

మాది ములుగు జిల్లా, ఏటూరునాగారం అవతల ఒక కోయ గూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా పెద్దనాయిన కొడుకు హైటెక్ సిటీలో ఒక బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ చేస్తడు. ఆదివారం ఆయన రూముకు పోతే వదిన చేతి అన్నం కడుపు నిండా దొరుకుతది. అట్లా ఆ ఏరియా నాకు అలవాటైంది.

పోయిన డిసెంబర్‌లో దుర్గం చెరువు పక్కన నడుస్తుంటే ఒక తెల్లాయన మోకాళ్ల మీద కూర్చొని రాళ్ల సందుల్లో తడుముతున్నాడు. యాభై ఏళ్లుంటాయి, మెడలో కంపెనీ ఐడీ కార్డు. ఉంగరమో తాళంచెవో పోయిందనుకొని, వచ్చీరాని ఇంగ్లీషులో "సార్, ఏం పోయింది?" అని అడిగిన. ఏమీ పోలేదంట. ఎవరో దాచిపెట్టిన డబ్బా వెతుకుతున్నాడంట. పిచ్చోడేమో అనుకున్న. పది నిమిషాల తర్వాత ఆయన చేతికి జండూబామ్ సీసా అంత డబ్బా దొరికింది. లోపల చుట్టిన కాగితం, దాని మీద పేర్లు, తారీకులు. నాకు పెన్ను ఇచ్చి నువ్వు కూడా రాయి అన్నడు. నా పేరు తెలుగులో రాసిన. ఆ కాగితం మీద తెలుగు అక్షరాలు అవే.

ఈ ఆట పేరు జియోకాచింగ్. ఒకరు డబ్బా దాచి, అది ఉన్న అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్ పట్టుకొని వెతికి, పేరు రాసి, మళ్లీ ఎట్లా ఉన్నదో అట్లనే పెట్టి రావాలి. సోషల్‌లో చదివిన రేఖలకు ఇట్లాంటి పని కూడా ఉంటదని నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు అమెరికా మిలిటరీ వాళ్లు జీపీఎస్ సిగ్నల్‌ని మామూలు జనం కోసం కావాలనే తప్పుగా వదిలేవాళ్లు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ తేడా తీసేశారు. మూడో తారీకుకే ఆరెగాన్‌లో ఒకాయన అడవిలో ఒక బకెట్ పెట్టి, దాని లెక్కలు ఇంటర్నెట్‌లో వేసిండు. మూడు రోజుల్లో ఇంకొకాయన దాన్ని కనిపెట్టిండు. అట్లా మొదలైంది, ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నారు. హైదరాబాద్‌లో తక్కువే, కానీ ఉన్నాయి. ఎక్కడెక్కడ అని ఇక్కడ రాయను, రాస్తే ఆట చెడిపోతది.

నాకు ఇది అంత తొందరగా ఎందుకు నచ్చిందంటే, చిన్నప్పటి నుంచి చేసిందే కాబట్టి. ఇప్పపూల కాలంలో తాత వెంట తెల్లారకముందే పోయేవాణ్ని. తాతకు ఫోన్ లేదు, రేఖలు లేవు. "వంకర మద్దిచెట్టు దాటినంక, వాగు రెండోసారి అడ్డం వచ్చిన కాడ" అంటే చాలు, అక్కడికే పోయేవాళ్లం. గొడ్డలి, నీళ్ల బుర్ర ఏ పొదలో దాచినా వారం తర్వాత నేరుగా అక్కడికే పోయి తీసేవాడు. తాత ఒక్క విషయంలోనే కొట్టేవాడు. సందులో చెయ్యి పెడితే. "కంటికి కనపడని కాడ చెయ్యి పెట్టకు, ముందు కట్టె పెట్టు." కట్టెతో రెండుసార్లు కొట్టి, కొంచెంసేపు ఆగి, అప్పుడు చూడాలి. ఆ తెల్లాయన వట్టి చేతులతో రాళ్ల కింద తడుముతుంటే నా గుండె ఝల్లుమన్నది అందుకే. హైటెక్ సిటీ అద్దాల మేడల పక్కన కూడా నాగుపాములు, కట్లపాములు, తేళ్లు ఉంటాయి. మన దగ్గర ఉన్నవే. బండలు వాటి ఇల్లు, మేడలు తర్వాత వచ్చినయి.

ఇక అసలు సంగతి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, నేనూ నా రూమ్మేటూ పోయినం. యాప్‌లో సూచన "అయస్కాంతం" అని ఉన్నది. అంటే ఇనుముకు అతుక్కొని ఉండే చిన్న గొట్టం లాంటిది. చుక్క చూపించిన చోటు ఒక పెద్ద ఆఫీసు ముందర ఫుట్‌పాత్ రెయిలింగు. అద్దాల మేడల మధ్య ఫోన్‌లో చుక్క నిలబడదు. సిగ్నల్ గోడలకు కొట్టుకొని వస్తది కాబట్టి ఒకసారి రోడ్డు మీద, ఒకసారి కాంపౌండ్ లోపల చూపిస్తది. మేము వంగి రెయిలింగు కింద చేతులతో తడుముకుంటూ అటూ ఇటూ తిరిగినం. పది నిమిషాలు కాలేదు, "క్యా ఢూండ్ రహే హో?" అని ఒక గార్డు వచ్చిండు. చెప్పడానికి నోరు తిరగలేదు. డబ్బా అన్న. ఏం డబ్బా అన్నడు. ఇంకో ఇద్దరు వచ్చినరు. నా ఫోన్ తీసుకొని గ్యాలరీ తెరిచిండ్రు. అందులో అమ్మకు చూపిద్దామని తీసిన బిల్డింగుల ఫోటోలు ఇరవై దాకా ఉన్నయి. ఐడీ కార్డు అడిగిండ్రు. హాస్టల్‌లో ప్యాంటు జేబులో ఉన్నది.

ఏ ఊరు అన్నరు. చెప్పిన. వాళ్లలో ఒకాయన మన తెలుగాయనే. "అన్నల ఊరా?" అని నవ్విండు.

ఆ ఒక్క మాటకు నాకు చెమటలు పట్టినయి. మీలో చాలామందికి ఈ మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటది, బస్సులోనో, క్లాసులోనో. కానీ ఫోన్ వాళ్ల చేతిలో ఉండి, పోలీసుల మాట వచ్చినప్పుడు అది జోకు కాదు. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు, నాయిన ముఖం, అన్నీ ఒకేసారి కండ్ల ముందు తిరిగినయి. రూమ్మేట్ ఏడుపు ముఖం పెట్టిండు. గంట నిలబెట్టిండ్రు.

సూపర్‌వైజర్ వచ్చినంక యాప్ తెరిచి చూపించిన. మ్యాపు, చుక్క, ఎవరెవరు ఎప్పుడు కనిపెట్టారో రాసుకున్న మాటలు. ఆయనకు సగం అర్థమైంది. వాళ్లలో పెద్ద వయసు గార్డు ఒకాయన, ఏమీ మాట్లాడకుండా పోయి, రెయిలింగు కింద మేం చూడని చివరన చెయ్యి పెట్టి, పెన్సిల్ రబ్బరంత ముక్క పీకి తెచ్చిండు. తిప్పి చూస్తే లోపల సన్న కాగితం, ఏండ్ల కిందటి తారీకులు. నాలుగేండ్లుగా ఆ గేటు కాడ డ్యూటీ చేస్తున్నడంట, కాళ్ల దగ్గరే ఉన్నా తెలియదు. అందరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. ఫోన్ ఇచ్చి పొమ్మన్నరు. పేరు మాత్రం రాయనీయలేదు. యాప్‌లో అది ఇప్పటికీ నా లెక్కల్లో దొరకనిదే.

గార్డుల మీద నాకు కోపం లేదు. మా అన్న వేసుకునేదీ అట్లాంటి యూనిఫామే, పన్నెండు గంటల డ్యూటీ ఏందో నాకు తెలుసు. ఈ నగరంలో 2007 ఆగస్టులో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ కాడ, 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినయి. ఎవరిదో తెలియని డబ్బా అంటే భయం ఉట్టిగ రాలేదు. బయటి దేశాల్లో కూడా ఈ ఆట డబ్బాలను చూసి బాంబు స్క్వాడ్లను పిలిచిన సందర్భాలున్నాయి. అదంతా నిజమే. కానీ ఆ తెల్లాయన అంతసేపు మోకాళ్ల మీద పాకుతుంటే ఒక్కరూ ఏమీ అడగలేదు. అదీ నిజమే. రెండూ పక్కపక్కన పెట్టుకొని నేను చాలా రోజులు నిద్రపోలేదు.

ఆ రాత్రి నాయినకు ఫోన్‌లో చెప్పిన. తిడతడనుకున్న. కొంచెంసేపు ఏమీ అనలే. తర్వాత "కాయితం లేకుంట ఎందుకు పోయినవ్ రా?" అన్నడు. పోడు చేనుకు పోయేటప్పుడు నాయిన పట్టా జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టి నడుముకు కట్టుకొని పోతడు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. తన చేనుకు తను పోవడానికి కూడా. చిన్నప్పుడు అది చూసి నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు నా ఐడీ కార్డు కూడా అట్లాంటి కవర్లోనే ఉంటది.

అన్న మాత్రం తిట్టిండు. నా పేరు చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది అన్నడు. అదీ న్యాయమే, అందుకే ఆయన పనిచేసే బిల్డింగు వైపు ఇప్పుడు పోవట్లేదు.

మానేయలేదు కానీ తీరు మార్చిన. ఆఫీసు గేట్లు, మెట్రో స్టేషన్లు, ఫ్లైఓవర్ల కింద ఉన్నవాటి జోలికి పోను. పోవాలనిపిస్తే ముందు గార్డు దగ్గరికి నేనే పోయి, "అన్నా, ఇట్లా ఒక ఆట" అని ఫోన్ చూపిస్తా. సగం మంది వద్దంటారు, సగం మంది వాళ్లే వచ్చి వెతుకుతారు. ఎక్కువగా ఖాజాగూడ బండల వైపు పోతున్నా. ఆ గ్రానైట్ 250 కోట్ల ఏండ్ల నాటిదంటారు. ఒకసారి సూచనలో "పెద్ద బండ కింద" అని ఉంటే పోయి చూస్తే బండే లేదు, అక్కడ పునాది గుంత ఉన్నది. అట్లాంటి గుంతల అంచుకు పోవద్దు, వానాకాలం మట్టి జారుతది. నిండిన రోడ్ల మీద కూడా వద్దు, మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఏ యాప్ చెప్పదు. ఫోన్ చూస్తూ రోడ్డు దాటడం గురించి వేరే చెప్పాల్నా, బయోడైవర్సిటీ జంక్షన్ చూసినవాళ్లకి?

యాప్‌లో ప్రతి డబ్బాకు రెండు మార్కులుంటాయి, వెతకడం ఎంత కష్టం, దారి ఎంత కష్టం అని, ఒకటి నుంచి ఐదు దాకా. దారి మార్కు మూడు దాటితే ఒంటరిగా పోను. పాము కరిస్తే కోయడాలు, కట్టడాలు, మంత్రాలు వద్దు. కదలకుండా 108కి ఫోన్. మన గూడేల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉంది, అది వేరే పోస్టు.

ఇద్దరు చెల్లెళ్లు మేమూ వస్తామని అడిగిండ్రు. చీకటి పడకముందే తిరిగి రావాలి, లొకేషన్ హాస్టల్‌లో ఒకరికి షేర్ చేసి ఉంచాలి, ఎవరైనా వెంటపడితే 112. మగపిల్లలకు కూడా నేను ఇదే చెప్తున్నా, మేం కూడా ఆ గంటసేపు ఎక్కడున్నామో హాస్టల్‌లో ఎవరికీ తెలియదు.

మన ఊళ్లో ఒకటి దాచొచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగిండు. నాకూ ఆశ ఉంది. కానీ జాగా ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి, తవ్వి పాతిపెట్టకూడదు, తిండి పెట్టకూడదు, ఇంకో డబ్బాకు 161 మీటర్ల దూరం ఉండాలి, దాచినవాడే పోయి చూసుకుంటూ ఉండాలి. మా చుట్టుపక్కల అంతా అభయారణ్యం. సంక్రాంతికి పోయినప్పుడు తాతకు ఈ ఆట చెప్పిన. "అందులో ఏముంటది?" అన్నడు. కాగితం అన్న. "తీసుకొని ఏం జేస్తరు?" పేరు రాసి మళ్లీ అక్కడనే పెడతరు అన్న. చాలాసేపు నవ్విండు. తర్వాత, మంచిగనే ఉన్నది, ఎవరూ ఏమీ ఎత్తుకపోరు కదా అన్నడు.

వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి రాయదుర్గం మెట్రో మెట్ల కింద ఉంటా. వచ్చేవాళ్లు కామెంట్ పెట్టండి. ఐడీ కార్డు, రెండు లీటర్ల నీళ్లు, బూట్లు. చెప్పులతో వస్తే తీసుకపోను. కట్టె పట్టుకొని తిరిగితే గార్డులు మళ్లీ ఆపుతరు, అందుకని పొడుగు గొడుగు ఒకటి కొన్న, అది నేను తెస్తా.