కార్డుమీది జామచెట్టు

నాకు పదమూడవయేడు నడుచుచుండిన కాలమున, భివండీలో ధామన్కర్ నాకాకు కూతవేటు దూరములోనున్న పద్మానగర్‌లో, కరెంటు పోయి మరమగ్గపు సాంచాలు ఆగిన ప్రతి పగటివేళను, కనుబొమలమీది దూది నూగైనను దులుపుకొనక కార్ఖానాలనుండి వెలుపలికి వచ్చిన నేతపనివారు చాయ త్రాగి, మా ఖోలీ గడపకడ కూర్చుండి, నాచేత ఇంటికి కార్డులు వ్రాయించుకొనెడివారు. వారిలో పెక్కురు సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ ప్రాంతములలో చేతిమగ్గము అన్నము పెట్టజాలని దినములు వచ్చినప్పుడు ఈ త్రోవ పట్టిన పద్మశాలీలు. మార్కండేయుని వంశమువారమను గర్వమును, ఊరిలో విడిచివచ్చిన బాకీని గూర్చిన దిగులును వారి మాటలలో ఒకేసారి వినవచ్చుచుండెడివి.

"ఏం రాయమంటవు కాకా?" అని నేనడిగినచో, "మంచిగనే ఉన్నమని రాయి బిడ్డా. పైసలు వచ్చే నెల పంపుతనని రాయి" అని చెప్పి, మరి కొంతసేపు ఊరకుండెడివారు. ఆ ఊరకుండుటకడనే నా చదువు ఆరంభమైనదని నేడు తలంతును. కార్డు మూతలేని ఉత్తరము. దానిని పోస్టుమాను ఇంటిముంగిట నిలిచి పైకి చదివెడివాడు; ఇల్లాలితోపాటు అత్తయు, పొరుగువారును, అప్పిచ్చినవాడును వినెడివారు. రాత్రియంతయు దగ్గిన మనుష్యుడు ఆ దగ్గుమాట వ్రాయనీయకపోవుట కల్లలాడుటకు గాదు. ఏ మాట ఎవరి చెవిని పడవలెనో, ఎవరి చెవిని పడరాదో, అక్షరము రాకున్నను అతనికి తెలియును. మా గల్లీలోని ఒక కాక మాత్రము ప్రతి కార్డు కడపటను, "పెరట్ల జామచెట్టు పూత నిలిచిందా" అనియు, కొన్ని నెలలైన పిమ్మట "పిందె గట్టిపడ్డదా" అనియు వ్రాయించెడివాడు. ఆయనకు చెట్లయందు మిక్కిలి మక్కువ కాబోలునని తలచి, చెప్పినది చెప్పినట్లు వ్రాసితిని.

పురపాలక సంఘమువారి తెలుగు బడిలో చదువు ముగించి, కండెలు చుట్టుచు, దొరికిన పత్రికనెల్ల చదువుచుండిన ఆ వయస్సున, సాహిత్యమనునది హైదరాబాదులోనో మదరాసులోనో పుట్టునదనియు, మేము దాని పొలిమేరకు వెలుపల నున్నవారమనియు నమ్మియుంటిని. బొంబాయిలోని కామాఠీపురకు మన తెలుగు కూలీలవలననే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పగా వినియుంటిని. కాని 1908లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆ బొంబాయి నగరముననే స్థాపించిరనియు, 1914లో గాని అది మదరాసునకు చేరి దినపత్రిక కాలేదనియు చదివిన రాత్రి నాకు నిదుర పట్టలేదు. తెలుగువారు గోడలు లేపిన చోటనే తెలుగు అచ్చక్షరములును పత్రికయై వెలువడినవి! ఆ వెనుక సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ కవుల సంచిక చేతికి వచ్చెను. నిజాము రాజ్యమున తెలుగు కవులు లేరన్న మాటకు ఆయన వాదులాటతో తృప్తిపడక, 354 మంది కవులను ఒక్కచోట చేర్చి, 1934లో గ్రంథరూపమున బదులిచ్చెను. భివండీలో వ్రాయదగిన తెలుగు బ్రదుకేమున్నదని నన్నడిగినవారికి నేనును వ్రాసి చూపవలెనని ఆనాడే నిశ్చయించుకొంటిని.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున ఆరంభమైన బొంబాయి మిల్లుల సమ్మెలో సుమారు 2.5 లక్షలమంది పాల్గొనిరి. పెక్కు మిల్లులు మరల కోలుకొనలేదు. వాని నేత మా ఊరివంటి మరమగ్గముల ఊళ్లకు తరలెను. నెల జీతమును పోగొట్టుకొని, మీటరుకింత చొప్పున కూలికి 12 గంటల పాళీలో నిలువవచ్చిన ఒక మిల్లు కార్మికుని గూర్చి, కొన్నేండ్లకు, నా మొదటి వ్యాసము వ్రాసి ఒక వారపత్రికకు పంపితిని. అది అచ్చై మనియార్డరు వచ్చిననాడు మా నాయన ఆ రూకలను రెండుమారులు లెక్కించి, "గిన్ని పైసలకు ఎన్ని మీటర్లు రాసినవు బిడ్డా?" అని ఎంతో శ్రద్ధతో అడిగెను. తాను నేసినంతకే తనకు కూలి; నేను వ్రాసినంతకే నాకు కూలి. తన కొడుకును తన పనివారిలోనికే చేర్చుకొన్న ఆ ప్రశ్నకంటె పెద్ద సత్కారము నాకు ఇంతవరకును జరుగలేదు. తరువాత పత్రికా కార్యాలయమున కొలువునకు పిలుపు వచ్చినను పోనైతిని. ఈ గల్లీని విడిచినచో నేను వ్రాయవలసినది ఇక్కడనే ఉండిపోవును.

చేతిమగ్గముతో వచ్చిన నాడె, కండె, పడుగు, పేక ఒక ప్రక్కను, ఈ ఊరు ఇచ్చిన పాళీ, పగారు, ఖోలీ మరియొక ప్రక్కను వ్రాసికొన్న నోటుపుస్తకములు నాకడ పదునొకండున్నవి. మా గల్లీ పిల్లలు మరాఠీలోను ఆంగ్లములోను చదువుకొనుచున్నారు. నోటుపుస్తకములలోని ఆ మాటలను నోటితో పలుకుదురుగాని తెలుగు అక్షరములలో చదువలేరు. ఆ తలంపు రాత్రివేళ నన్ను బాధించును. తెల్లవారినంతనే మరల ఏ ముసలి నేతగానికడనో కూర్చుండి మాటలడుగుదును.

మొన్నటి నెల, పెండ్లియై ఇరువదియేండ్లుగా మా వెనుకగల్లీలోనే కాపురముండు ఆ జామచెట్టు కాక కూతురు, తల్లి పోయిన పిమ్మట సందుగులో దొరికినవని, దారము చుట్టిన కార్డులకట్ట తెచ్చినది. "నీ చేతిరాతనేనట అన్నా, చదువు" అన్నది. వరుసగా చదువుచు పూతకడకును పిందెకడకును వచ్చితిని.

"మా పెరట్ల జామచెట్టు ఎన్నడుండెనే? బాయి తప్ప ఏం లేకుండె" అన్నదామె.

కార్డు త్రిప్పి తపాలాముద్రలోని నెలను చూచితిని. కన్నులు చెమర్చగా, ఆమె పుట్టిన నెల ఏదని అడిగితిని.