అట్ట మీద లేని పేర్లు

మా పూర్వులు బెంగుళూరు చేరి అయిదు తరములు గడచినవి. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, దండు బజారులో తమిళము, కార్యాలయములో ఇంగ్లీషు, ఈ నాలుగింటి నడుమ మా బ్రతుకు సాగినది. మేము పండితులము కాము, సంగీతజ్ఞులమును కాము. 1975లో పదవ తరగతి గట్టెక్కి, 1977లో గుమాస్తా ఉద్యోగమున చేరి, 2018లో విశ్రాంతి పొందితిమి. ఆ నలుబది యేండ్లకు పైగా మేము చేసిన పని ముఖ్యముగా ఒక్కటే: ఇతరుల పేర్లను పట్టీలలో తప్పులేకుండ వ్రాయుట. అట్టి మేము ఒకప్పుడు వ్రాయవలసిన అయిదు పేర్లను వ్రాయక విడిచితిమి. అది తప్పని మాకు తెలిపినది ఒక అమెరికా గాయకుని రికార్డు. కావున ముందు ఆ రికార్డు సంగతి విన్నవించి, పిదప మా ఇంటి పెరటికి వచ్చెదము. చదువరులు ఓపిక పట్టుదురు గాక.

ఉద్యోగములో మా ప్రక్క బల్ల వద్ద కూర్చుండు టైపిస్టు ఒక ఆంగ్లో ఇండియను. మాకంటె నాలుగైదేండ్లు పెద్దవాడు. ఆయన అన్న విదేశమునుండి పంపిన లాంగ్ ప్లే రికార్డులు పది పండ్రెండు ఆయన యింట నుండెడివి. ఆదివారము చర్చినుండి వచ్చి, భోజనమైన పిదప వానిని వినిపించుటకు మమ్ము పిలిచెడివాడు. 1978 ప్రాంతమున మేము అచ్చట తొలిసారి విన్నది బాబ్ డిలన్ పాడిన 'బ్లడ్ ఆన్ ది ట్రాక్స్'. రాక్ సంగీతమనగా చెవులు చిల్లులు పడు మ్రోత యని మేము తలచియుంటిమి. ఇందు అట్లు లేదు. ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గను, ముక్కుతో పలికినట్లుండు ఒక గొంతు, వెనుక సన్నగా మరి కొన్ని వాద్యములు. అందు 'లిలీ, రోజ్‌మేరీ అండ్ ది జాక్ ఆఫ్ హార్ట్స్' అను పాట తొమ్మిది నిమిషములకు కొంచెము తక్కువ. మన జంగము కథవలె చరణముమీద చరణము పేర్చుకొనిపోవును.

రికార్డు తిరుగునంతసేపు మా మిత్రుడు దాని అట్టను మా చేతికిచ్చి, "పాట వినుట సగమే; ఎవరు వాయించిరో చదువుట తక్కిన సగము" అనెడివాడు. మేము చదివితిమి. న్యూయార్కు వాద్యగాడు ఎరిక్ వైస్‌బర్గ్ పేరు, డెలివరెన్స్ అను ఆయన జట్టు పేరు అచ్చట నుండెను. ఆ పాటలన్నియు న్యూయార్కువారే వాయించిరని మేము నలుబది యేండ్లు నమ్మియుంటిమి.

జరిగినది వేఱు. డిలన్ 1941లో మినసోటా రాష్ట్రమందలి డులూత్ పట్టణమున పుట్టి, ఇనుప గనుల ఊరైన హిబ్బింగ్‌లో పెరిగెను. ఆయన తండ్రి వైపు పెద్దలు ఒడెస్సానుండి వలస వచ్చిన యూదులు. అనగా ఆయనయు మనవలెనే, ఒక చోటి మాటను మఱియొక చోటికి మోసికొని వచ్చినవారి బిడ్డ. 1974లో ఆయన ఒక చిన్న పుస్తకములో పాటలు వ్రాసికొని, ఆ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన న్యూయార్కులోని ఏ అండ్ ఆర్ స్టూడియోలో రికార్డు చేయ నారంభించెను. ఆయన పడుచుదనమున మొదటి రికార్డు చేసినదియు ఆ గదిలోనే. ఫిల్ రామోన్ ధ్వని యంత్రములకడ కూర్చుండెను. డిలన్ పాటను ముందుగా నేర్పువాడు కాడు; వాద్యగాండ్రు ఆయన వ్రేళ్ళు చూచి అనుసరింపవలసినదే. వైస్‌బర్గ్ జట్టులో చాలమందికి మొదటి దినముతోనే పని తీరినది. బాస్ వాయించు టోనీ బ్రౌన్ నిలిచెను. దుస్తుల గుండీలు గిటారుకు తగిలిన టకటక చప్పుడు సైతము టేపులో పడినది. డిలన్ దానిని లెక్కచేయలేదు. కొలది దినములలో పాటలు పూర్తియైనవి. అట్టలు ముద్రితమైనవి. నమూనా రికార్డులును తయారైనవి.

ఆ డిసెంబరులో డిలన్ సెలవులకు మినసోటాలోని స్వజనుల చెంతకు పోయెను. ఆ పాటలన్నియు ఒకే తీరున వినవచ్చుచున్నవను మాట ఆయన తమ్ముడు డేవిడ్ జిమ్మర్‌మన్‌తో నడచెను. విడుదల ఆగినది. మినియాపొలిస్ నగరమందలి సౌండ్ 80 అను స్టూడియోలో, ఆ ఊరి వాద్యగాండ్రతో, డిసెంబరు 27, 30 తేదీలలో అయిదు పాటలు మరల రికార్డు అయినవి. ధ్వని పని పాల్ మార్టిన్‌సన్‌ది. గిటారు వాయించిన కెవిన్ ఓడెగార్డ్ అప్పుడు రైలుబండ్లలో బ్రేకుమనిషిగా కొలువు చేయుచుండెను. క్రిస్ వెబర్ గిటారుల అంగడి గలవాడు. డిలన్ కోరిన చిన్న పాత గిటారును ఇచ్చిపోవుటకు వచ్చి, అచ్చటనే నిలిచి తానును వాయించెను. బిల్ బర్గ్ డ్రమ్ములు, బిల్లీ పీటర్‌సన్ బాస్, గ్రెగ్ ఇన్‌హోఫర్ కీబోర్డు, పీటర్ ఒస్ట్రౌష్కో మాండొలిన్. 'టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ' అను పాట జీవము లేక యున్నదని, శ్రుతి ఒక మెట్టు పెంచవలయునని ఓడెగార్డ్ సూచించెను. అట్లే పెంచిరి. ఆ రికార్డునకు ముఖమువంటి పాట అదియే. పేరొందిన గాయకునితో, ఒక బ్రేకుమనిషి, మీ శ్రుతి చాలదని చెప్పగలిగినాడు, ఆయన వినినాడు. మా కార్యాలయములో నలుబది యేండ్లు పనిచేసి మేము అంతటి సాహసము ఎన్నడును చేయలేదు.

1975 జనవరిలో రికార్డు విడుదలయ్యెను. అమెరికా జాబితాలో మొదటి స్థానమున నిలిచెను. అందలి పది పాటలలో అయిదు ఆ ఊరివారు వాయించినవి. అట్టమీద వారి పేరు ఒక్కటియు లేదు. కారణము మిక్కిలి స్వల్పము: అట్టలు అప్పటికే ముద్రితమైనవి.

ఇట్టిది ఇదొక్కటే కాదు. ఆ 1975లోనే లండనులోని యాబీ రోడ్ స్టూడియోలో పింక్ ఫ్లాయిడ్ జట్టు 'విష్ యు వర్ హియర్' రికార్డును జనవరినుండి జూలై వఱకు చేసిరి. ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెలీ ఒక పాటకు వాయించెను. కాని తుది రికార్డులో ఆ నాదము వినబడీ వినబడనంతగా తగ్గిపోయెను. ఆయన పేరును ముద్రింపలేదు. ఆ వయొలిన్ స్పష్టముగ వినబడు రికార్డు 2011లో గాని రాలేదు. అదే 1975లో జోనీ మిచెల్ చేసిన 'ది హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్' లోని ఒక పాటలో ఆఫ్రికా ఖండమందలి బురుండీ దేశపు డోలు వాద్యకారుల పాత రికార్డు వినబడును. వారు దేశము పేరిట లోకమునకు తెలిసిరి. ఏ చేయి ఏ డోలు వాయించినదో వినువారికి తెలియదు.

ఆ కాలపు స్టూడియోలలో రెండంగుళముల వెడల్పు టేపుమీద 16 గాని 24 గాని వరుసలు వేఱువేఱుగా పట్టబడెడివి. ఒకరి నాదమును తుడిచి, ఆ చోట మఱియొకరి నాదమును చేర్చవచ్చును. పాడినవారును వాయించినవారును ఒకరి ముఖమొకరు చూడకయే ఒక పాట కావచ్చును. టేపును మార్చుటకు ఒక సాయంకాలము చాలును. వేలకొలది అచ్చైన అట్టను మార్చుటకు ధనము కావలయును, మనస్సును కావలయును. పేర్లు జారిపోవునది ఈ రెంటి నడుమ.

ఇక మా సంగతి. 1986లో మా సంఘమువారు మన స్త్రీల పాటలను ఒక కేసెట్టుగా తెచ్చుటకు పూనుకొనిరి. సంఘపు లెక్కలు, తీర్మానములు వ్రాయు పని మాది. సంగీతము చక్కగా నేర్చిన నలుగురు సోదరీమణులు హార్మోనియముతో పండ్రెండు పాటలు పాడిరి. శ్రుతి తప్పలేదు, మాట తప్పలేదు. వారి పేర్లతో కేసెట్టు పెట్టెలోని అట్టలు మూడువందలు ముద్రణకు పోయి తిరిగి వచ్చినవి. అంతలో పెద్దలు కొందఱు ఆ టేపు విని పెదవి విరిచిరి. మన ఇండ్ల ముసలమ్మలు అప్పగింతల పాటలో "కెరె గట్టు" అందురు. కెరె యనగా కన్నడమున చెరువు. సోదరీమణులు దానిని "చెరువు గట్టు" అని దిద్దిరి. దిద్దుట నేరము కాదు. కాని అయిదు తరములు ఈ నేలమీద కాపురము చేసిన గుర్తు ఆ ఒక్క మాటతో తుడుచుకొనిపోయినది.

కావున ఆరు పాటలు మరల పట్టవలసివచ్చినది. మా మేనత్తయు, మా వీధిలోని మఱి నలుగురు స్త్రీలును పాడుటకు ఒప్పుకొనిరి. బస్సుల రొద అణగిన పిదప, రాత్రి పది గంటలకు, మా పెరటిలో చాప పరచి, నడుమ టేపురికార్డరు ఉంచితిమి. దంపుళ్ళ పాటకు నిజముగనే రోటిలో రోకలి వేసిరి. వారి గాజుల చప్పుడును, ఎక్కడనో కుక్క మొరిగిన మొరుగును టేపులో పడినవి. "కెరె గట్టు" పడినది. ఆ రాత్రి పాటలే ఆ కేసెట్టునకు ప్రాణమని విన్నవారందఱును చెప్పిరి.

అట్టల మాట వచ్చినది. మరల ముద్రించుటకు రెండువందల రూపాయలు కావలయును. సంఘమున నిలువ తక్కువ. ఎవ్వరు ఏమియు అనకమునుపే మేము తీర్మానపు పుస్తకములో వ్రాసితిమి: అట్టలు ముద్రితమైనందున మార్పు అనవసరము. అందఱును సంతకములు చేసిరి. ఆ చేవ్రాలు మాది. మమ్ము ఎవ్వరును నిర్బంధింపలేదు.

కేసెట్టు ఇంటికి తెచ్చినపుడు మా అత్త దానిని మనుమరాలికిచ్చి పేర్లు చదివించుకొనెను. చదువు రాని మనిషి. రెండుసార్లు చదివించుకొని, మావైపు చూచి, "యాడుందిరా నా పేరు?" అనెను. "పాట ఉంది గదా అత్తా, పేరెందుకు?" అంటిమి. ఆమె నవ్వి ఊరకుండెను. మరల ఎన్నడును అడుగలేదు. 1994లో కన్నుమూసెను. మఱి మాకును ఆ మాట మఱపునకు వచ్చినది.

2018 నవంబరులో డిలన్ న్యూయార్కు టేపులును, మినియాపొలిస్‌లో చేసిన అయిదు పాటలును కలిపి 'మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్' అను పేర వెలువడినవి. అందు ఆ ఊరి వాద్యగాండ్ర పేర్లు ముద్రితమైనవి. నలుబది మూడేండ్లు దాటిన పిదప! మా పాత మిత్రుడు ఆస్ట్రేలియాలో స్థిరపడియున్నాడు. ఆయన ఆ పుటను ఛాయాచిత్రము తీసి మా చేతిఫోనుకు పంపి, "చదువుము, తక్కిన సగము ఇది" అని వ్రాసెను. మేము అప్పుడే విశ్రాంతి పొంది ఇంట కూర్చుండియుంటిమి. అట్టలు ముందే అచ్చైనవి కావున పేర్లు పోయినవను మాట చదువగానే మా చేవ్రాతయే కన్నులకు కట్టినది. ఆ పేర్లలోని ఒస్ట్రౌష్కో 2021లో మరణించెను. ముద్రణ జరిగిన పిదప రెండేండ్లకు పైగా ఆయన బ్రతికియుండెను. మా అత్తకు అట్టి రెండేండ్లు దక్కలేదు.

అప్పటినుండి ఆ అయిదుగురి పేర్లను వెదకుచున్నాము. పనికిమాలిన పని యని ఇంటివారు నవ్వుదురు. మేము పిన్ని, అవ్వ, అక్క అని పిలిచితిమే గాని, ఆ స్త్రీల పేర్లు ఎన్నడును అడుగలేదు. వావి వరుసల మర్యాదయే పేరును కప్పివేసినది. మా అత్త పేరు మాకు తెలియును. మఱి ఇద్దఱి పేర్లను వారి మనుమల వలన తెలిసికొంటిమి; ఒకటి రేషను కార్డులో దొరకినది, ఒకటి పాత పెండ్లి పత్రికలో. తక్కిన ఇద్దఱిలో ఒకరిని కొళాయి ఇంటి అవ్వ అనియు, మఱియొకరిని సోలాపురపు అక్క అనియు వీధివారందఱు పిలిచెడివారు. ఆ వీధిలోని పెంకుటిండ్లు నేడు లేవు; మేడలు లేచినవి; వారి కుటుంబములు ఎచ్చటికి పోయినవో తెలియరాలేదు.

ఈ వ్యాసములో ఆ మూడు పేర్లను వ్రాయుదుమా యని చాల ఆలోచించితిమి. వ్రాసినచో తక్కిన ఇద్దఱిని రెండవసారి విడిచినట్లగును. కావున వ్రాయలేదు. ఈ సంచిక సోలాపురమునందలి తెలుగు కుటుంబములకును చేరునని విన్నాము. మీ ఇంటి ఆడపడుచు ఎవరైన బెంగుళూరునకు కోడలుగా వచ్చి, 1986లో ఒక రాత్రి మా పెరటిలో కూర్చుండి రోకటి పాట పాడియున్నచో, ఆమె పేరును సంఘ కార్యదర్శికి తెలుపుడని వేడుకొనుచున్నాము. కేసెట్టును నేటి పద్ధతిలో మరల వెలువరించుటకు సంఘమువారు అంగీకరించిరి. ఖర్చు మాది. అట్ట వ్రాయు పనియు మాదే. అయిదు పేర్లును చేరువఱకు దానిని ముద్రణకు పంపము.