పోటీకి ముందటి నాడు

గోల్ఫు ఆటయెడల నాకు మొదటినుండియు సదభిప్రాయము లేదు. చిన్నబంతి నొకదానిని తరుముటకై కొలదిమంది కలవారు నూరెకరముల నేల నాక్రమించుకొనుట యేమి న్యాయమని పలుమారు వాదించినవాడను. కొండవాలున పోడు కొట్టుకొని బ్రదుకువారి బిడ్డలకు రంపచోడవరమున పాఠములు చెప్పువానికి వేరొక యభిప్రాయ మెట్లు కలుగును? అట్టివాడను ఈ వేసవి సెలవులలో విశాఖపట్టణమునకు పోయి, ముడసర్లోవ చెంతనున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు పచ్చికపై ఒక ఉదయమంతయు నడచితిని. అంతయు నా బావమరిది బలవంతము. ఆతడు బ్యాంకు ఉద్యోగి. నలుబదియేండ్లు దాటిన పిమ్మట ఆట నేర్చినవాడు. గొప్ప ఆటగాడు కాడు. మరునాడు పోటీ. పోటీదినమున ఆటకు ముందు ఆ మైదానమున సాధన చేయరాదట. అందుచే ముందటి నాడే ఆ పని.

ఎంత దూరము కొట్టునో చూతమని పోయితిని. కాని ఆతడు కొట్టినదానికంటె నిలిచి చూచినదే యెక్కువ. ఒకచోటనుండి బంతి కొట్టును. అది బాగుగ పడినను రెండవ బంతిని అచ్చటనే యుంచి వేరొక కర్రతో కొట్టును. జెండా నాటిన గుంట చేరినపిదప, నాలుగుంబావు అంగుళముల వెడల్పుగల ఆ గుంటను విడిచి, ఏమియు లేని మూలలకు బంతిని దొర్లించును.

"ఇదేం వెర్రి?" అంటిని.

"రేపు గుంటను వేరేచోట తవ్వుతారు, బావగారూ. ఎక్కడ తవ్వినా నేల వాలు మారదు కదా!" అనెను. ఆ మీదట వెనుదిరిగి, తాను బయలుదేరిన చోటువైపు చాలసేపు చూచెను. వచ్చునపుడు కానరాని పల్లములు వెనుదిరిగి చూచిన బయటపడునట.

ఇంకొకచోట జెండా సూటిగ కనబడుచుండగా ఆతడు దానికి చాల ఎడమగా గురిపెట్టెను. కారణ మడిగితిని.

"జెండాకు కుడిపక్కనే ఇసుకపల్లం ఉంది. నా బంతి తప్పితే కుడికే తప్పుతుంది; అది నాకు తెలుసు. ఎడమకు గురిపెడితే, తప్పినా పచ్చికమీదే పడుతుంది."

"అలాగైతే నాలుగు దెబ్బల్లో ముగియదు కదా?"

"ముగియనక్కరలేదు. నాబోటి ఆటగాడికి పద్దెనిమిది దెబ్బల మినహాయింపు ఉంది, గుంటకొకటి. లెక్కకు ఇది నాలుగు దెబ్బల గుంట, నాకు అయిదు. నాలుగు చేయబోయి ఏడు చేసిన రోజులు చాలా ఉన్నాయి, బావగారూ!"

సంచి మోయు క్యాడీ యువకుడు మాటలాడువాడు కాడు. ఒక్కసారి మాత్రము, "పది దాటితే సముద్రపుగాలి లేస్తుందండి. రేపు మీరిక్కడికి వచ్చేసరికి పదకొండవుతుంది. ఈ కర్ర చాలదు" అనెను. బావమరిది వెంటనే పుస్తకమున వ్రాసికొనెను. పోటీలో ఏ కర్ర వాడవలెనని ఎదుటి యాటగాని నడిగినచో రెండు దెబ్బల శిక్ష. తన క్యాడీని మాత్రము అడుగవచ్చును. ఆటశాస్త్రము సలహాదారుగ నంగీకరించిన ఆ యువకుని పేరు మరునాటి పోటీపట్టికలో లేదు. ఈ సంగతిని నా పాతవాదమునకు సాక్ష్యముగ దాచుకొంటిని.

పోటీలో బావమరిది గెలువలేదు. ఒక్క ఇసుకపల్లమునను పడలేదని మాత్రము మిక్కిలి సంతసించెను.

ఈ యోచనయంతయు పిరికితనమని నాకు మొదట తోచెను. పిదప బాబీ జోన్స్ చరిత్ర చదివితిని. ఆతడు డబ్బుకు ఆడని ఔత్సాహికుడు. 1930లో బ్రిటిషు, అమెరికా దేశముల ఓపెన్, అమెచ్యూర్ పోటీలు నాలుగింటిని గెలిచి, ఇరువదియెనిమిదేండ్లకే పోటీలు విడిచినవాడు. అట్టివాడును 1921లో సెయింట్ ఆండ్రూస్ మైదానమున పదునొకండవ గుంటవద్ద ఇసుకలో చిక్కి, విసిగి, ఆట మధ్యలోనే మానుకొనెను. ఆ నేలను నేర్చికొని, 1927లో అచ్చటనే ఓపెన్ గెలిచెను. ఆరేండ్లు! ఆతనికి మరల వచ్చుటకు త్రోవ యుండెను. ఇచ్చట నేను పుస్తకము మూసితిని.

నిరుడు నాకడ పదవ తరగతి చదివిన కొండరెడ్ల బాలిక యొకతె కలదు. గణితమున ఆమెకు సాటి లేరు. దూరపుటూరి పెద్ద విద్యాలయ మొక్కటే ఆమెకు తగినదని నిశ్చయించి, వేరొక దరఖాస్తు పెట్టనీయనైతిని. పక్షికన్ను తప్ప మరేమియు చూడరాదని అర్జునుని కథ నెన్నిమార్లు చెప్పితినో! కొలది మార్కులలో అవకాశము తప్పినది. బాణము తప్పియున్నచో ద్రోణుడు శిష్యునికేమి చెప్పియుండునో వ్యాసులవారు వ్రాయలేదు, నేనును ఆలోచింపలేదు. చదువురాని తండ్రికి "రాలేదు" అన్న యొక్కమాట చేరినది. పిల్ల ఇల్లు చేరినది. నాకు తెలియవచ్చునప్పటికి మా ఊరి జూనియర్ కళాశాలలో చేరు గడువు దాటిపోయినది. ఏడాది గడచినది.

తొలకరి పడగానే ఆ గూడెమునకు పోయితిని. తండ్రి వాకిట కూర్చుండి జొన్న, సామ, కంది గింజలను ఒకే తట్టలో కలుపుచుండెను. ఎందుకని యడిగితిని; తెలిసియే యడిగితిని.

"వాన ఎలా పడతాదో తెల్దు కదండి. ఒకటి పోతే ఇంకోటి నిలబడతాది."

నా సంచిలో మూడు కాగితములుండెను: జూనియర్ కళాశాలది, ఐటీఐది, సార్వత్రిక విద్యాపీఠముది. పిల్ల వచ్చి వానిని పుచ్చుకొని, తిరుగవేసి చూచి, "ఇది కూడా రాకపోతేనండీ?" అని యడిగెను. చాపపై ఆమె యెదుట కూర్చుండి, మొదటి కాగితముతో మొదలుపెట్టి, ఏది తప్పిన నేది మిగులునో ఒక్కొక్కటిగ చెప్పసాగితిని. దీపములు పెట్టు వేళకుగాని ముగియలేదు.